ప్రైమర్ మీద గట్టు లేస్తే తప్పు పీడనానిదేనా?

పేల్చిన కేసును (తూటా ఇత్తడి గొట్టాన్ని) తిప్పి అడుగు వైపు చూస్తే, పౌడర్‌ను అంటించే చిన్న ప్రైమర్ మధ్యలో ఫైరింగ్ పిన్ కొట్టిన గుంట కనిపిస్తుంది. గుంట అంచు నున్నగా లోపలికి వాలి ఉంటే చింత లేదు. కొన్నిసార్లు మాత్రం ఆ అంచు చుట్టూ లోహం పైకి లేచి, బావి చుట్టూ కట్టిన గోడలా నిలబడుతుంది. గోటితో అడ్డంగా గీస్తే తగులుతుంది. క్రేటరింగ్ అంటే ఇదే. సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లలో చాలామంది దీన్ని చూడగానే పౌడర్ ఎక్కువైందని తేల్చేస్తారు. ఇంకొందరు తమ రైఫిల్ తీరే అంత అని వదిలేస్తారు. రెండూ తొందరపాటే. మొదటి తీర్పు వల్ల నిక్షేపంగా ఉన్న లోడు (నింపే పౌడర్ మోతాదు) పక్కకు పోతుంది. రెండో తీర్పు వల్ల ఏదో ఒకరోజు వేడి గ్యాసు ముఖం మీదికి వస్తుంది.

గట్టు ఎంత ఎత్తు లేస్తుందనేది ముఖ్యంగా మూడింటి మీద ఆధారపడుతుంది: కేసు లోపలి పీడనం, బోల్టు (కేసును వెనక నుంచి మూసి పట్టే ఉక్కు భాగం) ముఖంలో ఫైరింగ్ పిన్ వచ్చే రంధ్రం వెడల్పు, ప్రైమర్ కప్పు (దాని పైతొడుగు లోహం) మందం. గట్టును మాత్రమే చూసి ఈ మూడింటిలో కారణమేదో చెప్పడం కుదరదు. రెంటిని కదలకుండా ఉంచితేనే మూడోదాని గురించి అది ఏమైనా చెబుతుంది. రోగనిర్ధారణ అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడవాలి.

పేలిన క్షణంలో జరిగేది

పిన్ తగలగానే కప్పు లోపలికి నొక్కుకుపోతుంది. కప్పుకూ లోపలున్న ఆన్విల్‌కూ (దాగలి లాంటి చిన్న లోహపు ముక్కకూ) మధ్య నలిగిన మిశ్రమం అంటుకుంటుంది. ఆ పేలుడు జోరుకు ప్రైమర్ తన గూటిలోంచి కాస్త వెనక్కి జరిగి బోల్టు ముఖానికి ఆనుతుంది. ఈలోగా పౌడర్ మండడం మొదలై, మిల్లీసెకను కన్నా తక్కువ వ్యవధిలో పీడనం శిఖరానికి చేరుతుంది. కేసు గోడలు ఉబ్బి ఛాంబర్‌ను (నాళం మొదట్లో తూటా కూర్చునే గదిని) పట్టుకుంటాయి. పీడనం తగినంత ఉంటే కేసు అడుగు వెనక్కి సాగి బోల్టును తాకుతుంది, బయటికొచ్చిన ప్రైమర్ మళ్లీ గూటిలోకి సర్దుకుంటుంది.

ఈ సమయమంతా ప్రైమర్ కప్పు లోపలి నుంచి గ్యాసు ఒత్తుతూనే ఉంటుంది. వెనక ఉక్కు గోడలాంటి బోల్టు ముఖం ఉన్నచోట కప్పుకు ఆసరా దొరుకుతుంది. రంధ్రం దగ్గర మాత్రం పిన్ మొన తప్ప ఆసరా లేదు. మొనకూ రంధ్రం అంచుకూ మధ్య ఉన్న సందులోకి మెత్తటి ఇత్తడి పారుతుంది. పిన్ కూడా వెనక్కి నెట్టుకుపోతే సందు కాస్తా పూర్తి రంధ్రమే అవుతుంది.

చిన్న లెక్క

రంధ్రం వ్యాసం 0.076 అంగుళం అనుకుందాం. కొన్ని ప్రసిద్ధ బోల్ట్ యాక్షన్లలో కనబడే కొలతే ఇది. 6.5 క్రీడ్‌మూర్ అనే రైఫిల్ తూటాకు శామీ (అమెరికా తూటాల ప్రమాణాల సంస్థ) నిర్ణయించిన గరిష్ఠ పీడనం 62,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఈ రెంటినీ కలిపితే రంధ్రం మీద పడే బలం దాదాపు 280 పౌండ్లు. పిన్‌ను ముందుకు నెట్టే స్ప్రింగు బలం సాధారణంగా పాతిక పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే కొత్త స్ప్రింగైనా సరే, ఆ బలాన్ని ఒంటిగా ఆపలేదు. మోసేది ముఖ్యంగా కప్పు లోహమే, కదులుతున్న పిన్ జడత్వం దానికి కొంత సాయం.

ఆ కప్పు లోహం రంధ్రం అంచు వెంట కోతకు గురవుతుంది. కోత ఒత్తిడిని ఉజ్జాయింపుగా ఇలా లెక్కగట్టవచ్చు: పీడనాన్ని రంధ్రం వ్యాసంతో గుణించి, కప్పు మందానికి నాలుగు రెట్లతో భాగించాలి. పిన్ ఇచ్చే ఆసరాను, లోహం గట్టిదనంలోని తేడాలను ఇది పట్టించుకోదు. కాబట్టి వచ్చిన అంకెల్ని పోల్చి చూడటానికే వాడాలి. కానీ ఆ పోలికే కళ్లు తెరిపిస్తుంది.

0.027 అంగుళం మందమున్న లార్జ్ రైఫిల్ ప్రైమర్‌కు, పైన చెప్పిన రంధ్రంతో, 62,000 పీఎస్‌ఐ వద్ద వచ్చే ఒత్తిడి సుమారు 43,600. అదే క్రీడ్‌మూర్‌కు స్మాల్ రైఫిల్ ప్రైమర్ గూడున్న కేసులు కూడా దొరుకుతాయి. అందులో 0.025 అంగుళం కప్పున్న ప్రైమర్ పెడితే ఒత్తిడి 47,100 అవుతుంది. పౌడర్ మారలేదు, పీడనం మారలేదు. అయినా కప్పు మీద భారం ఎనిమిది శాతం పెరిగింది. పాత ప్రైమరే ఉంచి పీడనాన్ని 67,000 దగ్గరికి తీసుకెళ్తే కూడా ఇంతే పెరుగుతుంది. ఇక 0.020 అంగుళం పలుచని కప్పు పెడితే ఒత్తిడి 58,900కు ఎగబాకుతుంది. 0.025 కప్పుతో ఆ స్థితికి రావాలంటే పీడనం 77,500 పీఎస్‌ఐ ఉండాలి. అంత పీడనంతో ఎవరూ పేల్చరు, పేల్చకూడదు.

రంధ్రం వైపు నుంచి చూసినా ఇంతే. 0.025 కప్పుతోనే రంధ్రాన్ని 0.062కు తగ్గిస్తే ఒత్తిడి 38,400కు దిగుతుంది, లార్జ్ ప్రైమర్‌తో మొదలుపెట్టిన చోటు కన్నా కిందికి. స్మాల్ ప్రైమర్ కేసులకు మారిన వెంటనే గట్లు లేచాయని, కొన్ని చిల్లులు కూడా పడ్డాయని వాపోయేవాళ్ల సమస్యకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. అలాగని పౌడర్‌కు నిర్దోషి పట్టా ఇవ్వలేం. ఈ లెక్కలో పీడనం కూడా ఒక గుణకమే.

కప్పు సంగతి

స్మాల్ రైఫిల్ ప్రైమర్లన్నీ ఒకటే అన్న భ్రమ ఖరీదైనది. సీసీఐ 400, రెమింగ్టన్ 6½ రకాల కప్పు సుమారు 0.020 అంగుళం. సీసీఐ 450, బీఆర్-4, 41, రెమింగ్టన్ 7½ రకాలది సుమారు 0.025. డబ్బా మీద అన్నీ స్మాల్ రైఫిలే, వ్యాసం అదే 0.175 అంగుళం, గూటిలోకి ఒకేలా దిగుతాయి. పలుచని కప్పు .22 హార్నెట్ లాంటి తక్కువ పీడనపు తూటాలకు సరిగ్గా నప్పుతుంది. సున్నితమైన పిన్ దెబ్బకు కూడా మిస్ కాకుండా అంటుకుంటుంది. దాన్నే 55,000 పీఎస్‌ఐ స్థాయి .223 రెమింగ్టన్‌లో పెట్టి, పైగా గరిష్ఠ లోడు నింపితే గట్టు లేవడంలో వింతేముంది?

మందం సమానంగా ఉన్నా లోహం గట్టిదనం తయారీదారును బట్టి మారుతుంది. ఫెడరల్ ప్రైమర్లు మెత్తనివనీ సీసీఐవి గట్టివనీ రీలోడర్లలో ఉన్న పేరు ఊరికే రాలేదు. కాబట్టి ఒక ప్రైమర్ మీద నేర్చుకున్న 'మామూలు రూపు' ఇంకో ప్రైమర్‌కు పనికిరాదు.

మందపాటి కప్పుకు మారితే గట్టు తగ్గుతుంది నిజమే. అయితే ఆ మార్పుతో ఇంకో వల ఉంది. మందం కప్పున్న వాటిలో కొన్ని మాగ్నమ్ రకాలు, సీసీఐ 450 అందుకు ఉదాహరణ. వాటి మంట వేడిది, పీడనాన్ని పెంచగలదు. గట్టు తగ్గింది కదా అని సంబరపడే వేళ లోపల పీడనం పెరిగి ఉండొచ్చు. ప్రైమర్ మార్చినప్పుడు లోడు కిందికి దించి మళ్లీ మెట్టుమెట్టుగా రావాలన్న నియమం ఇందుకే. ఇందులో మినహాయింపు లేదు.

రంధ్రం, పిన్, స్ప్రింగు

రైఫిల్ వైపు లోపాలు వెతకడానికి భూతద్దం, మంచి వెలుతురు ఉంటే సగం పని అయినట్టే. బోల్టు విప్పి ముఖాన్ని శుభ్రం చేసి చూడాలి. రంధ్రం అంచు పదునుగా ఉందా, లేక ఫ్యాక్టరీలోనే వాలుగా కోశారా? వాలుగా కోసిన బోల్టుతో అతి మెత్తటి లోడు పేల్చినా ప్రైమర్ మీద ఆ వాలు అచ్చు దిగుతుంది. అలాంటి గట్టు పక్కలు ఏటవాలుగా, మొదలు వెడల్పుగా ఉంటాయి. ప్రతి ప్రైమర్ మీదా ఒకే ఆకారంలో వస్తుంది. సందులోకి పారిన ఇత్తడి గట్టు మాత్రం సన్నగా, నిటారుగా నిలుస్తుంది.

పిన్ మొనను బయటికి నిలిపి చూస్తే చుట్టూ ఉన్న సందు కంటికే తెలుస్తుంది. ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువ ఉంటే ప్రైమర్ మీద గట్టు కూడా ఒకవైపే లేస్తుంది. పీడనం అన్ని వైపులా సమానంగా ఒత్తుతుంది గనుక, ఒంటివైపు గట్టు కనబడితే అనుమానం ముందు లోహపు అమరిక మీదికి పోవాలి. కచ్చితమైన అంకె కావాలంటే పిన్ గేజీలతో రంధ్రాన్ని, మైక్రోమీటర్‌తో మొనను కొలవాలి.

స్ప్రింగు బలహీనపడినా, బోల్టు లోపల పేరుకున్న గ్రీజు చలికి గట్టిపడినా పిన్ దెబ్బ మందగిస్తుంది. స్ప్రింగు నీరసించిందంటే పిన్ తేలిగ్గా వెనక్కి నెట్టుకుపోతుంది కూడా. అప్పుడు గట్టుతో పాటు గుంట లోతు కూడా తక్కువగా ఉంటుంది, కొన్నిసార్లు గుంట అడుగే తిరిగి పైకి ఉబ్బుతుంది. లోతులేని గుంట, ఎత్తయిన గట్టు కలిసి కనిపిస్తే స్ప్రింగు మార్చి చూడటం తక్కువ ఖర్చుతో అయ్యే మొదటి ప్రయత్నం. అదే జంట నిజమైన అధిక పీడనంలోనూ కనిపించవచ్చు. తేడా తెలిసేది లోడు తగ్గించినప్పుడు: పీడనం కారణమైతే గట్టు తగ్గుతూ వస్తుంది, స్ప్రింగు కారణమైతే తక్కువ లోడులోనూ మొండికేస్తుంది.

పీడనానికి ఉండే తోడు సాక్షులు

అధిక పీడనం సాధారణంగా ఒంటరిగా రాదు. బోల్టు పిడి ఎత్తడానికి మామూలు కన్నా బలం పెట్టాల్సి వస్తుంది. ప్లంజర్ ఎజెక్టర్ (కేసును బయటికి తోసే స్ప్రింగు మొన) ఉన్న బోల్టయితే దాని రంధ్రంలోకి ఇత్తడి పారి, కేసు అడుగున మెరిసే గుండ్రటి మచ్చ పడుతుంది. రెండు మూడు సార్లు నింపేసరికే ప్రైమర్ గూడు వదులై, కొత్త ప్రైమర్ ఆపకుండా దిగిపోతుంది. ఇవన్నీ కేసు అడుగు లోహం తన హద్దు దాటిందని చెప్పే గుర్తులు.

ఈ సాక్షుల్లోనూ అబద్ధమాడేవి ఉన్నాయి. కేసు సైజు చేశాక (పేలి ఉబ్బినదాన్ని డైలో నొక్కి తిరిగి కొలతకు తెచ్చాక) పూత నూనె తుడవకుండా వదిలేస్తే, గోడలు ఛాంబర్‌ను సరిగా పట్టుకోవు. అడుగు భాగం బోల్టును మరింత బలంగా తోస్తుంది. పీడనం పెరగకపోయినా ఎజెక్టర్ మచ్చ పడవచ్చు. చదునైన ప్రైమర్ ఇంకా పెద్ద మోసగాడు. కేసు భుజాన్ని (మెడ కిందున్న వాలు భాగాన్ని) అవసరానికి మించి వెనక్కి తోసి సైజు చేస్తే హెడ్‌స్పేస్, అంటే కేసు అడుగుకూ బోల్టుకూ మధ్య ఖాళీ, పెరుగుతుంది. ప్రైమర్ బయటికి జరిగి, చివర ఉబ్బి, కేసు వెనక్కొచ్చి దాన్ని మళ్లీ గూటిలోకి నొక్కినప్పుడు గుర్రపుడెక్క మేకు తలలా చదునవుతుంది. పీడనం మామూలే, తప్పు సైజింగ్ డైదే. బోల్ట్ యాక్షన్‌లో భుజాన్ని 0.001 నుంచి 0.002 అంగుళం మాత్రమే వెనక్కి తోస్తే ఈ చిక్కు చాలావరకు పోతుంది.

అన్నింటికన్నా నిజాయితీగల సాక్షి బుల్లెట్ వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్. వేగం ఊరికే రాదు, దాని వెనక పీడనం ఉండాలి. లోడింగ్ పుస్తకం చెప్పిన గరిష్ఠ వేగాన్ని, నాళం పొడవు తేడా సర్దుకున్నాక కూడా, తక్కువ పౌడర్‌తోనే అందుకుంటే గరిష్ఠ పీడనం కూడా అక్కడికి చేరినట్టే భావించాలి, ప్రైమర్ ఎంత అందంగా ఉన్నా సరే. గట్టు ఉండి, వేగం పుస్తకం కన్నా తక్కువగా ఉండి, బోల్టు తేలిగ్గా లేస్తుంటే చూపు రంధ్రం వైపు, కప్పు వైపు తిప్పాలి.

పరీక్ష ఎలా సాగాలి

మొదట అదే రైఫిల్‌లో ఫ్యాక్టరీ తూటాలు కొన్ని పేల్చి వాటి ప్రైమర్లను విడిగా దాచుకోవాలి. వాటి మీదా గట్టు ఉంటే రైఫిల్ మీద అనుమానం బలపడుతుంది. ఫ్యాక్టరీ వాళ్లు వాడిన ప్రైమర్ వేరే కావచ్చు గనుక అక్కడితో ఆగకూడదు. తర్వాత హ్యాండ్‌లోడులో (సొంతంగా నింపే తూటాలో) వాడే ప్రైమర్‌తోనే పుస్తకంలోని ప్రారంభ లోడు నింపి పేల్చాలి. అసలు తీర్పు ఇక్కడే వస్తుంది. ప్రారంభ లోడులోనే గట్టు కనబడి, పై లోడుల్లో పెద్దగా మారకపోతే అది రైఫిల్, ప్రైమర్ల జంట సంతకం. కింద లేకుండా, మధ్యలో మొదలై, పైకి వెళ్లేకొద్దీ ఎదిగితే పీడనానికి అది స్పందిస్తున్నట్టు. ఎక్కడైనా ఒక మెట్టు దగ్గర హఠాత్తుగా ఎగసిందంటే అక్కడితో పేల్చడం ఆపేయాలి. అంతకు పైనున్న తూటాలను బుల్లెట్ పుల్లర్‌తో విప్పేయాలి, నింపాం కదా అని పేల్చడానికి వీల్లేదు.

ఈ పనికి ఒకే లాటు కేసులు, ఒకేసారి సైజు చేసినవి కావాలి. కేసు మీద లోడు గుర్తు రాసి, వరుసలో పేర్చి, పక్క నుంచి వెలుగు పడేలా ఫోటో తీసుకుంటే ఎదుగుదల స్పష్టంగా తెలుస్తుంది. జ్ఞాపకం మీద ఆధారపడి గట్ల ఎత్తు పోల్చడం వృథా. ఒకసారికి ఒకటే మార్చాలి. ప్రైమర్, బుల్లెట్, పౌడర్ మూడూ మార్చేశాక గట్టు పోయినా ఏది పనిచేసిందో తెలియదు.

పీడనమే దోషి అని తేలితే, అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా పట్టుకోవాలి. పౌడర్ ఒక గ్రెయిన్ (తూటాలకు వాడే చిన్న తూకపు కొలత) తగ్గించి చేతులు దులుపుకుంటే అసలు కారణం అలాగే ఉండిపోతుంది. తూకం జారిందేమో చెక్ వెయిట్‌తో చూడాలి. కేసు పొడవు పెరిగి మెడ ఛాంబర్ చివర ఇరుక్కుంటే బుల్లెట్‌ను వదలదు. .308 విన్చెస్టర్‌కు గరిష్ఠ పొడవు 2.015 అంగుళం, దాటితే కత్తిరించాల్సిందే. సైనిక కేసుల గోడలు మందం, లోపల జాగా తక్కువ, అదే పౌడర్‌కు పీడనం ఎక్కువ. బుల్లెట్ రైఫ్లింగ్‌ను (నాళం లోపలి మెలిక గాళ్లను) తాకేలా పెట్టడం, సీసం గుండె ఉన్న బుల్లెట్ స్థానంలో అచ్చంగా రాగిది పెట్టడం, కొత్త లాటు పౌడర్, కేసు మూతి దగ్గర గడ్డకట్టిన కార్బన్ వలయం, వేసవి ఎండ, పదేపదే పేల్చి కాలిపోతున్న ఛాంబర్‌లో తూటాను నిమిషాల తరబడి ఉంచడం: వీటిలో ఏ రెండు కలిసినా నిన్నటి నిక్షేపమైన లోడు ఇవాళ హద్దు దాటవచ్చు.

చిల్లు పడితే

గట్టు దశ దాటితే కప్పు తెగుతుంది. తెగడంలోనూ రెండు రకాలున్నాయి. గుంట అడుగున మొన దగ్గర చిల్లు పడితే మొన ఆకారం, దాని పొడుచుకొచ్చే కొలత అనుమానించాలి. మొన నున్నటి అర్ధగోళంలా ఉండాలి, గుంటలు, పదునైన అంచులు ఉండకూడదు. రంధ్రం సైజులోనే గుండ్రటి బిళ్ల కోసుకుపోతే అది బ్లాంకింగ్. ఆసరా లేని లోహం పీడనానికి లొంగిపోయిందని అర్థం. ఆ బిళ్ల పిన్ వెంట బోల్టు లోపలికి పోతుంది. అక్కడే చిక్కుకుని, తర్వాతి దెబ్బలను బలహీనపరచి, తూటా అంటుకోకుండా చేస్తుంది. కారణం తెలియని మిస్‌ఫైర్ల వెనక ఇలాంటి బిళ్లలు దొరకడం అరుదేమీ కాదు. చిల్లు పడిన ప్రతిసారీ బోల్టు విప్పి లోపల వెతకాలి. చిమ్మిన గ్యాసు పిన్ మొనను, బోల్టు ముఖాన్ని తొలిచేస్తుంది. తొలిచిన మొన మరిన్ని చిల్లులు పెడుతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పరీక్షలు చేయడం క్షమించరాని నిర్లక్ష్యం.

గట్టు లేకపోతే క్షేమమేనా అన్న ప్రశ్నకు జవాబు తూటాను బట్టి ఉంటుంది. .45-70కు శామీ గరిష్ఠం 28,000 పీఎస్‌ఐ, .30-30కు 42,000. ఆధునిక ప్రైమర్, కేసు ఇత్తడి అంతకన్నా చాలా ఎక్కువ భరిస్తాయి. అంటే ప్రైమర్ ఏమీ చూపించకముందే పాత రైఫిల్ తన హద్దు దాటిపోతుంది. ఇలాంటి తూటాలకు ప్రైమర్ చదవడం ఆపేసి, పుస్తకంలోని లోడునూ క్రోనోగ్రాఫ్‌నూ మాత్రమే నమ్మాలి. బలమైన బోల్ట్ యాక్షన్లలోనూ గట్టి కప్పు, బిగుతైన రంధ్రం ఉన్నవి 62,000 దాటాక కూడా ముఖం మార్చవు.

రంధ్రమే దోషి అయితే తుపాకీ మేస్త్రీ చేసే మరమ్మతును బుషింగ్ అంటారు. పాత రంధ్రాన్ని వెడల్పు చేసి, అందులో ఉక్కు బుష్ బిగించి, 0.062 నుంచి 0.068 అంగుళం దాకా కొత్త రంధ్రం వేసి, పిన్ మొనను దానికి సరిపడా సన్నం చేస్తారు. మొన ఎంత పొడుచుకురావాలో, స్ప్రింగు ఎలా ఉందో కూడా అప్పుడే సరిచూడాలి. ఇది ఇంట్లో డ్రిల్లు పట్టుకుని చేసే పని కాదు. బోల్టు మరమ్మతు నుంచి తిరిగొచ్చాక పాత గరిష్ఠ లోడుతో మొదలుపెట్టకూడదు. అప్పటిదాకా పోల్చి చూసుకున్న ప్రైమర్ల వరుస ఇక ఆ రైఫిల్‌కు చెల్లదు. ప్రారంభ లోడు నుంచి క్రోనోగ్రాఫ్ పెట్టుకుని కొత్త వరుస తయారు చేసుకోవాలి.